శుక్రవారం కడిగిన బండి

స్టార్టర్ మళ్ళీ మొత్తుకుంది. ఇంజన్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

“ఇంగోసారి కొట్టు,” అన్నాడు వెంకటప్ప, ఎత్తిన బానెట్ కిందినుంచి తల బయట పెట్టకుండానే.

“కొట్టి కొట్టి బ్యాటరీ కూడా ఖలాస్ అయితాది బావా,” అన్నాడు ఆంజి డ్రైవర్ సీట్లోంచి.

“అయితే కారు తెచ్చి వైర్లు తగిలిస్తాం. కొట్రా.”

మళ్ళీ అదే మొత్తుకోలు. వంటింటి గుమ్మంలో వెంకటప్ప పెళ్ళాం గురవమ్మ నిలబడి చూస్తోంది. తమ్ముడు ఆంజి కోసం పోసిన టీ ఆమె చేతిలోనే చల్లారిపోయింది. నాలుగడుగులు వేసి ఇచ్చి రావడానికి ఆమెకు కాళ్ళు రావడం లేదు.

తెల్లవారకముందు ఏసోబు చేసిన ఫోను అరబ్బు యజమాని తోటలో పనిచేసే ఈ ముగ్గురినీ ఇలా వాకిట్లో నిలబెట్టింది. ఏసోబు అనంతపురం వైపు మనిషి. మదీనత్ అల్ షమాల్ ఊరు దాటాక, తారురోడ్డు దిగి ఇసుకలో చాలా దూరం పోతే యజమాని గొర్రెల దొడ్డి ఉంటుంది. దాన్ని ఇజ్బా అంటారు. అక్కడ ఏసోబు ఒక్కడే. బావి లేదు, కరెంటు లేదు. వారానికోసారి ఈ ముసలి ట్యాంకర్ మోసుకెళ్ళే నీళ్ళే గొర్రెలకూ, ఆయనకూ.

“అన్నా, ట్యాంకు అడుగంటింది. నిన్నట్నుంచి బురద వడగట్టుకోని తాగుతాండా. గొర్రెలు పడినకాడ్నుంచి లేస్తాలేవు. బండి పంపియ్యన్నా.”

వెంకటప్ప ఇంకో మాట అడిగేలోగా లైను తెగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను స్విచాఫ్. అక్కడి జనరేటర్‌కు డీజిలు కూడా ఈ బండే తీసుకెళ్ళాలి. డీజిలు అయిపోతే ఛార్జింగూ ఉండదు, రేకుల గదిలో ఏసీ కూడా ఉండదు.

జూలై ఎండ ఇక్కడ తెల్లవారుతూనే డ్యూటీకి దిగుతుంది. ఈపాటికే బానెట్ రేకు మీద చెయ్యి పెట్టలేకపోతున్నారు.

పెద్దకొడుకు తప్ప యజమాని కుటుంబమంతా చల్లని దేశానికి వెళ్ళిపోయింది. ఇసుకలో పోగలిగే పెద్ద బండ్లు దోహాలో ఉన్న పెద్దకొడుకు దగ్గరున్నాయి. ఆ పెద్దకొడుకు ఫోను ఎత్తడం లేదు. సెలవు రోజు పొద్దున అంటే ఆయనకింకా రాత్రి కిందే లెక్క. పక్క తోటవాళ్ళ ట్యాంకర్ ఊళ్ళో లేదు. మెకానిక్ మధ్యాహ్నం దాటాక వస్తానన్నాడు. వెంకటప్ప ఊరుకోలేక, సరుకులకు పోయే చిన్న కారులో నీళ్ళ క్యాన్లు వేసుకుని బయల్దేరాడు. తారురోడ్డు దిగీ దిగగానే చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ఎవరో పికప్ ఆయన తాడు కట్టి లాగితే బతుకుజీవుడా అని వెనక్కి వచ్చాడు.

ఇక మిగిలింది ఈ ముసలి బండి. అదేమో అలిగి కూర్చుంది.

“పొగ వస్తాందా?” అడిగాడు వెంకటప్ప.

ఆంజి దిగి వెనక్కి పోయి చూసి వచ్చాడు. “పొగ కూడా లేదు బావా.”

“స్టార్టర్ బాగనే తిరగతాంది. పొగ లేదంటే ఇంజన్‌కు డీజిలు అందడంలే. స్టాప్ లోపలికి తోసినావా?”

“తోసినా. అది కూడా చూడకుండా ఉంటానా?”

ఈ బండి తాళం తిప్పితే ఆగే రకం కాదు. డ్యాష్‌బోర్డు కింద ఒక నల్లటి గుండీ ఉంటుంది. దాన్ని బయటికి లాగితే డీజిలు ఆగి, ఇంజన్ ఆగుతుంది. మళ్ళీ లోపలికి తోయడం మరిచిపోతే పొద్దుగూకే దాకా కొట్టినా లేవదు. వెంకటప్ప ఇలాంటి బండ్లతోనే మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా తోలాడు. ఇక్కడ మాత్రం ఆయనకు ఇంటి కార్లు తోలే లైసెన్సే ఉంది. ట్యాంకర్ తోలే లైసెన్సు ఆయనకూ లేదు, బామ్మర్దికీ లేదు. లైసెన్సున్న డ్రైవరు వెళ్ళిపోయినప్పటినుంచీ వీళ్ళు బాబా అని పిలిచే యజమాని ‘యల్లా ఆంజీ’, పద అనగానే ఆంజే తోలుతున్నాడు. తోటలో మొక్కలకు నీళ్ళు పెట్టే పని అని వీసా ఇచ్చి, మెల్లగా స్టీరింగు చేతిలో పెట్టారు. వద్దనడం ఆంజికీ చేతకాలేదు.

“రేయ్, ఆంజీ,” అంది గురవమ్మ గుమ్మంలోంచి. “బుధవారం ఏసోబుకు నీళ్ళు పోసినావు గదా?”

“పోసినానని పొద్దున్నుంచి చెప్తానే ఉండా గదక్కా.”

“పోసిన నీళ్ళు ఇంత తొందరగా ఎట్ల అయిపోతాయి?”

“ట్యాంకు పగిలిందేమో. యాడో కారిపోయిందేమో. నాకేం తెల్సు?”

ఆ మాట అంటున్నప్పుడు ఆంజి అక్క వైపు చూడలేదు. గురవమ్మ కూడా తమ్ముడి వైపు చూడలేదు. చల్లారిన టీ సింకులో పారబోసింది.

వెంకటప్ప ఫిల్టర్ అడుగున ఉన్న నట్టు వదులు చేశాడు. కింద సగానికి కోసిన నీళ్ళసీసా పట్టాడు. సీసా నిండాక పైకెత్తి వెలుతురులో చూశాడు. చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

పైన పచ్చగా డీజిలు. కింద తెల్లగా, తేటగా, నీళ్ళు.

“డీజిల్లో నీళ్ళు కలిసినాయి.”

“పంపుకాడ్నే కల్తీ పోసినట్టున్నారు బావా,” అన్నాడు ఆంజి వెంటనే. తప్పు తనది కాదని తేలినందుకు వాడి గొంతు కొంచెం తేలికపడింది.

వెంకటప్ప సీసా కింద పెట్టాడు. బండి కింద దూరి, డీజిల్ ట్యాంకు అడుగు బోల్టు విప్పాడు. బకెట్టులో ధారగా పడింది. సగం బకెట్టు దాకా నీళ్ళే. ఆ తర్వాతే డీజిలు.

“షెడ్డులో జనరేటర్ కోసరం తెచ్చిన డ్రమ్ము ఉండాది గదా. రెండు క్యాన్లు పట్టుకరా. కొత్త ఫిల్టర్ కూడా ఆడ్నే ఉండాది. ఉరుకు,” అన్నాడు.

ఆంజి పరుగెత్తాడు.

వెంకటప్ప లేచి డీజిల్ ట్యాంకు మూతి దగ్గరికి వచ్చాడు. దాని మూత ఎప్పుడో పోయింది. అప్పటినుంచీ గుడ్డ కుక్కి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి, పురికొసతో కడుతున్నారు. ఆంజి ఎప్పుడూ ఏదో చుట్టి వదిలేస్తాడు. ఇవాళ అక్కడ చక్కగా రెండు చెవుల ముడి వేసి ఉంది. పిండి సంచులకూ పప్పు సంచులకూ ఆ ముడి ఎవరు వేస్తారో ఆయనకు పెళ్ళయినప్పటినుంచీ తెలుసు.

“మే. ఇట్లరా.”

గురవమ్మ వచ్చింది. ఈసారి కాళ్ళు వచ్చాయి. రాక తప్పని పిలుపు అది.

“నిన్న బండి కడిగింది నువ్వేగదా.”

“ప్రతి శుక్రవారం నేనే గదా కడిగేది.”

అది నిజమే. మదనపల్లెలో మొగుడి లారీకి చేసిన శుక్రవారాన్ని ఆమె ఇక్కడికి కూడా మోసుకొచ్చింది. పైపు పట్టుకుని బండంతా కడగాలి. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాలి. యజమానికి కనబడకుండా క్యాబిన్ తలుపు లోపలివైపు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టాలి. నిమ్మకాయలేమో యజమానురాలి ఫ్రిజ్‌లోవే. దేవుడు ఎవరి ఫ్రిజ్ అని అడగడులే అని ఆమె ధైర్యం.

“కడిగితే నీళ్ళు మింద పడతాయి. లోపలికి సగం బకెట్టు ఎట్ల పోతాయి?”

గురవమ్మ కొంగు వేలికి చుట్టుకుంది.

“పైపు మూతిలో పెట్టినావు.”

ఆమె చూపు ఆ పురికొస ముడి మీద నిలిచిపోయింది.

“అడగతాండేది నిన్నే.”

“పెట్టినా.”

 వెంకటప్ప చేతిలోని స్పానర్ పక్కన పెట్టాడు. పెళ్ళాన్ని ఎన్నడూ కొట్టని మనిషి. ఇవాళ తన చెయ్యి మీద తనకే నమ్మకం లేకపోయింది.

“ఎందుకు?”

“మొన్న పక్కతోట డ్రైవరు షఫీని పోలీసులు పట్టుకున్యారు గదా. వానికి కూడా పెద్దబండి లైసెన్సు లేదు. బట్టలు సర్దుకునేదానికి కూడా క్యాంపుకు రానీలే, అట్నుంచి అట్లనే దేశానికి పంపించేసినారు. ఆ చెకింగు మన రౌండబౌటు కాడనే. ఈనెల్లోనే పెట్టినారు. వీన్ని పోవద్దురా అంటే ఇనడు. ‘నేను పోనంటే బాబా ఇంటికి పొమ్మంటాడక్కా’ అంటాడు. నువ్వన్నా చెప్పయ్యా అంటే నువ్వు నోరు తెరవ్వు. ఇంగ నేనేం చేసేది?”

“ఇదా చేసేది?”

“చలికాలంలో ఒకసారి గుడ్డ ఊడిపోయి నీళ్ళు పోతే బండి రెండుదినాలు లేవలే. అట్లనే రెండుదినాలు పండుకుంటాదనుకున్యా. పెద్దబాబు మెకానిక్కుతో పాటు లైసెన్సు డ్రైవర్ను కూడా పంపిస్తాడనుకున్యా.”

“ఆడ మనిషి ఉండాడు గదనే.”

“బుధవారం నీళ్ళు పోసొచ్చినాడు గదయ్యా! మళ్ళ బుధవారం దాకా ఏసోబుకు ఇబ్బంది లేదనుకున్యా. తెలిసుంటే నా చెయ్యి ఇరిగిపోయినా ఆ పని చేస్తానా?”

వెనక ఏదో దబ్బున నేల మీద పడింది. ఆంజి డీజిల్ క్యాను కింద పెట్టాడు. వాడెంత విన్నాడో ఇద్దరికీ తెలియలేదు. 

“బుధవారం నేను పోలే,” అన్నాడు.

 షెడ్డు రేకు మీద ఏసీ మోత ఒక్కటే వినబడుతోంది.

“రౌండబౌటు దాకా పోయినా. పోలీసులు నిలబడుకోని ఉండిరి.  బండి తిప్పుకోని వచ్చేసినా. నీళ్ళు ఖర్జూరం చెట్లకు ఇడిచేసినా.”

“మాకు పోసినానని ఎందుకు చెప్తివిరా?” అన్నాడు వెంకటప్ప.

“భయపడి వచ్చేసినానని ఎట్ల చెప్పేది బావా? మర్నాడు పోదామనుకున్యా. మర్నాడూ ఉండిరి. శుక్రవారం నమాజు టయానికి రోడ్డు ఖాళీగా ఉంటాది, అప్పుడు పోదామనుకున్యా. బండి లేవలే.”

 నిన్న మధ్యాహ్నం బండి లేవడం లేదని వీడు ఎండలో తంటాలు పడుతుంటే, గురవమ్మ లోపల చల్లగా కూర్చుని బెండకాయలు తరిగింది. వీడు ఇవాళ్టికి ఇంట్లోనే ఉంటాడని తృప్తిపడింది. వెంకటప్ప అప్పుడు యజమాని పనిమీద దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్ వెళ్ళి ఉన్నాడు. ఆయన ఉంటే నిన్ననే తెలిసిపోయేది.

“సంగటి డబ్బా...” అంది గురవమ్మ.

వారం వారం ఆమె ఏసోబుకు రాగిసంగటి, ఊరిమిండి పచ్చడి చేసి పంపుతుంది. ఏసోబు ఆ డబ్బా కడిగి, దానిలో ఏదో ఒకటి పెట్టి పంపకుండా ఉండడు. ఒకసారి గొర్రెపాల పెరుగు. ఇంకోసారి, ఏమీ దొరకని రోజు, ఇసుకలో ఏరిన నున్నటి రాయి. ఖాళీ డబ్బా ఇస్తే ఆడకూతురికి మంచిది కాదంటాడు.

“డబ్బా ఖాళీగా తెచ్చిస్తివి గదరా. కడిగి తెచ్చిస్తివి. ఏసోబన్న తిన్నాడా అంటే తిన్నాడు అంటివి.”

“నేనే తిన్నా అక్కా.”

బుధవారం ఆ ఖాళీ డబ్బా చూసినప్పుడే ఏసోబు ఏమీ పంపలేదేమిటి అని ఆమెకు అనిపించింది. అనిపించింది గానీ అడగలేదు. ఇప్పుడు ఆ డబ్బా వంటింటి అరమీద బోర్లించి ఉంది. అటు చూడడానికి కూడా ఆమెకు భయమేసింది.

“సరే, ఇంగ గమ్మునుండండి ఇద్దరూ,” అన్నాడు వెంకటప్ప. “ఎవురేం చేసినారో తరవాత కొట్టుకుందాం. ఆంజీ, డీజిల్ ట్యాంకును మంచి డీజిల్తో ఒకసారి తొలిపి పారబోయి. నేను ఫిల్టర్ మారుస్తా.”

ఇద్దరూ పనిలో పడ్డారు. ట్యాంకు తొలిపారు. మంచి డీజిలు పోశారు. కొత్త ఫిల్టర్ బిగించారు. ఫిల్టర్ పక్కనున్న చేతిపంపును వెంకటప్ప బొటనవేలితో నొక్కుతూనే ఉన్నాడు. పైపుల్లో చేరిన గాలి నురుగుగా, బుడగలు బుడగలుగా బయటికి వస్తోంది. గాలంతా పోయి ధార కట్టేదాకా ఇంజన్ లేవదు. ధార కట్టడం లేదు.

మరోపక్క తోటలోని బోరుపైపు నుంచి బండి వెనకున్న పెద్ద ట్యాంకులోకి నీళ్ళు నిండుతున్నాయి. నీళ్ళకు ఇక్కడ కొదవ లేదు. ఆ నీళ్ళు అక్కడికి చేరడమే కావాలి.

“కొట్టు.”

స్టార్టర్ తిరిగింది. లేవలేదు.

“కొట్టు.”

ఈసారి స్టార్టర్ మూలిగింది. బ్యాటరీ దిగిపోతోంది. వెంకటప్ప చిన్న కారు తెచ్చి ఎదురుగా పెట్టి, వైర్లు తగిలించాడు. తలెత్తి ఎండ వైపు చూశాడు. చూసి, జేబులోంచి ఫోను తీశాడు.

“ఎవురికి?” అంది గురవమ్మ.

“పోలీసులకు. వాళ్ళకు ఇసుకలో పొయ్యే బండ్లుంటాయి. హెలికాప్టర్ కూడా ఉంటాది.”

“బండి లేస్తాది గదా. ఇంగొంచెం చూడు.”

“ఎంతసేపు చూసేది? బురద తాగి ఎంతసేపు ఉంటాడు మనిషి?”

“వాళ్ళొస్తే మొదట అడిగేది నీళ్ళు ఎవురు తోల్తారని. బండి ఎవురిదని. నా తమ్ముని బత్తాకా కార్డు, లైసెన్సు చూపియ్యమంటారు. అయిపాయ.”

“అయితే అయిపోనీ.”

“నీకేం, నువ్వట్లనే అంటావు. నీ తోడబుట్టినోడు గాదు గదా.”

ఆ మాట అనకూడనిది. అన్నాక ఆమెకే తెలిసింది. ఆంజి ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది జ్వరంతో పడి ఉంటే, రాత్రింబవళ్ళు డ్యూటీ చేస్తూ కూడా పక్కన కూర్చుని గంజి తాగించింది ఈ బావే.  వెంకటప్ప ఆ మాటకు బదులు చెప్పి ఉంటే ఆమెకు కొంచెం సుఖంగా ఉండేది.

సీట్లో కూర్చున్న ఆంజి తల దించుకున్నాడు. ఫోను చెయ్యి బావా అనలేదు. చెయ్యొద్దు బావా అని కూడా అనలేదు.

“ఫోను నాకియ్యి,” అంది గురవమ్మ.

“ఇయ్యను.”

“ఇయ్యయ్యా.”

ఆమె చెయ్యి చాపి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది. వెంకటప్ప ఒక్కక్షణం ఆమె వైపు చూశాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆమె మీద ఇంత అసహ్యం ఆయనకు ఎప్పుడూ కలగలేదు. స్పానర్ తీసుకుని బానెట్ కిందికి వెళ్ళిపోయాడు.

గురవమ్మ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చి తలుపు వేసుకుంది. కొళాయి తిప్పింది. ఎందుకు తిప్పిందో తెలియదు. నీళ్ళు పడుతున్నాయి. గ్లాసు నిండి, పొంగి, సింకులోకి పోతున్నాయి.

తల్లి పోయేనాటికి ఆంజి నడవడం కూడా రాని పిల్లాడు. చంకన వేసుకుని పెంచింది. యజమానురాలి కాళ్ళు పట్టుకుని వీసా తెప్పించింది. వాడి ఉద్యోగం పోతే ఊళ్ళో వాడి పెళ్ళానికి తను ఏం మొహం చూపిస్తుంది? పోతే మళ్ళీ ఈ దేశం గడప తొక్కనియ్యరు. ఇవన్నీ నిజమే. ఇవన్నీ ఆలోచిస్తూనే ఆమె చూపు అరమీద బోర్లించిన డబ్బా మీద పడింది.

కొళాయి కట్టేసింది. పోలీసుల నంబరు, తొమ్మిది తొమ్మిది తొమ్మిది నొక్కింది.

అవతల ఎవరో అరబ్బీలో పలికారు. గురవమ్మ అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. ఉల్లిగడ్డలకూ, చీవాట్లకూ సరిపోతుంది. దాంతోనే చెప్పింది. “వాహద్ నఫర్. ఇజ్బా. మాయ్ మాఫీ.” ఒక మనిషి, గొర్రెల దొడ్డి, నీళ్ళు లేవు. మళ్ళీ మళ్ళీ అవే మాటలు చెప్పింది. అవతలి మనిషి కసురుకోలేదు. ఆగమని చెప్పి హిందీ వచ్చిన ఇంకొకరికి ఇచ్చాడు.

ఆ రెండో గొంతు నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగింది. ఆ ఇజ్బా ఎక్కడ? ఆమెకు తెలియదు. ఏ గుర్తు? తెలియదు. ఆమె ఎప్పుడూ పోలేదు. ఆ గొర్రెల మనిషి ఫోను పనిచేస్తుందా? లేదు.

“దారి ఎవరికి తెలుసు?”

గురవమ్మ కళ్ళు మూసుకుంది.

“నీళ్ళ బండి తోలేవాడికి తెలుసు.”

“ఎవరతను? పేరు?”

ఆమె మొగుడి పేరు చెప్పొచ్చు. ఆ సంగతి ఆమెకు తట్టింది కూడా. మొగుడికి తారురోడ్డు దిగేచోటు దాకానే తెలుసు, ఆపైన ఇసుకలో దారి తెలియదు. తప్పు పేరు చెబితే వాళ్ళు ఇసుకలో తిరుగుతూ ఉంటారు, ఏసోబు అక్కడే పడి ఉంటాడు.

“ఆంజి,” అంది. “ఆంజనేయులు. నా తమ్ముడు.” తమ తోట ఎక్కడుందో కూడా చెప్పింది.

“అతన్ని రౌండబౌట్ దగ్గరికి రమ్మను. మా బండి అక్కడ ఉంటుంది.”

ఆమె ఫోను చెవినుంచి తీసిందో లేదో, బయట బండి దగ్గింది. ఒకసారి దగ్గి ఆగింది. మళ్ళీ దగ్గింది. తర్వాత గోడలు అదిరేలా అందుకుంది. కిటికీ నిండా తెల్లపొగ కమ్మేసింది.

ఆమె తలుపు తీసి పరుగెత్తింది.

వెంకటప్ప ఇంజెక్టర్ పైపు నట్టు బిగిస్తూ అరుస్తున్నాడు. మోచేతిదాకా డీజిలు. వేళ్ళు కోసుకుని నెత్తురు. “యాక్సిలేటర్ వదలొద్దు. డీజిల్ ట్యాంకులో యాడో ఒకచోట ఇంగా నీళ్ళుంటాయి. తోవలో ఇంజన్ ఆపినావంటే మళ్ళ లేస్తాదో లేదో నేను చెప్పలేను. ఏసోబు కాడికి పోయి నీళ్ళు ఇడిచేదాకా స్టాప్ ముట్టుకోవద్దు. ఇనపడిందా?”

“ఇనపడింది బావా.”

“నేను కార్లో ఐసు, క్యాన్లు ఏసుకోని వెనకనే వస్తా. రోడ్డు దిగేకాడ నన్ను ఎక్కించుకో. పో.”

బండి కదిలింది. గేటు దగ్గర గురవమ్మ అడ్డంగా నిలబడింది. ఆంజి బ్రేకు మీద కాలు పెట్టి, యాక్సిలేటర్ వదలకుండా తల బయటికి పెట్టాడు.

“జరుగక్కా.”

ఆమె జరగలేదు. అటువైపు వచ్చి తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని పైకెక్కి కూర్చుంది. తలుపు లోపలివైపు నిన్నటి కుంకుమబొట్టు ఎండలో ఎండిపోయి ఉంది.

“నువ్వెందుకు?”

“తోలు, చెప్తా.”

తారురోడ్డు ఎక్కాక కూడా ఆమె చెప్పలేదు. వెనక ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఇంజన్ మధ్యమధ్యలో తడబడుతోంది. అది తడబడినప్పుడల్లా ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుంటున్నారు.

“పోలీసులకు నేనే చేసినా,” అంది చివరికి. “నీ పేరు చెప్పినా. దారి నీకొక్కనికే తెల్సు గదా. రౌండబౌటు కాడ ఉంటామన్నారు.”

ఆంజి స్టీరింగు మీద చేతులు బిగించాడు. బండి ఆపుతాడనుకుంది. దిగి ఎటన్నా పారిపోతాడనుకుంది. పారిపోతే పోనీ అని కూడా ఆమె మనసులో ఒక మూల అనుకుంది. ఆంజి గేరు మార్చి ముందుకే పోనిచ్చాడు.

“బుధవారం కూడా ఇట్లనే పోయింటే సరిపోయేది,” అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది.

“అక్కా.”

“ఊఁ.”

“ట్యాంకు మూతికి ఆ ముడి నువ్వేసిందే గదా.”

గురవమ్మ ఎదురుగా రోడ్డునే చూస్తోంది. ఆ రోడ్డు మీద వేడికి అన్నీ ఊగుతున్నట్టు కనిపిస్తున్నాయి.

“నేనేసిందే.”

“నన్ను పోనీకుండానా?”

“ఊఁ.”

 ఆంజి తిట్టినా బాగుండేది. భుజానికి మొహం తుడుచుకుని, తడబడుతున్న ఇంజన్‌కు కొంచెం కొంచెం డీజిలు అందిస్తూ తోలుతున్నాడు.

రౌండబౌటు కనిపించింది. పక్కన తెల్లబండి, పైన తిరుగుతున్న దీపాలు. తన ఫోను విని వచ్చినవాళ్ళో, రోజూ చెకింగుకు నిలబడేవాళ్ళో గురవమ్మకు తెలియలేదు. ఒక పోలీసు రోడ్డు మధ్యకు వచ్చి చెయ్యెత్తాడు. ఆంజి మెల్లగా పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ వణుకుతూ తిరుగుతూనే ఉంది.

పోలీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆ మోతలో మాట వినబడడం లేదు. ఇంజన్ ఆపమని చేత్తో సైగ చేశాడు. మళ్ళీ చేశాడు, ఈసారి కొంచెం కోపంగా.

ఆంజి చెయ్యి అలవాటుగా డ్యాష్‌బోర్డు కిందికి వెళ్ళింది. నల్ల గుండీ మీద వేళ్ళు పడ్డాయి.

గురవమ్మ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“ఆపొద్దురా,” అంది.